ఆదెమ్మ రోగనిరోధక శక్తికి సంజాయిషీ నోటీసు

హెపటైటిస్ బి పట్టినవాళ్ల ఒంట్లో రోగనిరోధక శక్తి నిద్రపోతోందన్న సంగతి మా శాఖకి ఒక శుక్రవారం ఉదయం పదకొండు గంటలకి తెలిసింది. పదకొండుంపావుకి టీ వచ్చింది. ఆ మధ్య పావుగంటలో పథకం పుట్టేసింది.

జిల్లా కేంద్రంలో వర్క్‌షాపు పెట్టారు. ఎక్కడో పెద్ద పరిశోధనాలయం నుంచి ఒక ప్రొఫెసరు గారొచ్చి, బొమ్మలు వేసి మరీ చెప్పారు. ఈ జబ్బు ఏళ్ల తరబడి ఒంట్లో ఉండిపోయిందంటే, వైరస్ గొప్పతనం కంటే మన రక్షక కణాల అలసటే ఎక్కువ. అవి శత్రువుని చూసీ చూసీ అలవాటుపడి, మన ఇంటివాడేలే అని ఊరుకుంటాయి. వాటిని మళ్లీ తట్టిలేపే మందుల కోసం లోకమంతా పరిశోధనలు జరుగుతున్నాయి, అన్నారు. అక్కడికి టీ వచ్చింది.

మా శాఖలో వర్క్‌షాపంటే టీ దాకానే. ఉదయం సంతకం పెడతారు. టీతో పాటు సంచీ ఇస్తారు. సంచీలో సర్టిఫికెట్ ఉంటుంది. అది చేతికొచ్చాక కూడా కుర్చీలో కూర్చున్నవాళ్లని కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ల కింద జమకడతారు. టీ తర్వాత ప్రొఫెసరు గారు, "ఆ మందులింకా ప్రయోగాల్లోనే ఉన్నాయి. అవి వచ్చేదాకా రోజూ వేసుకునే మాత్ర ఒక్కపూట కూడా ఆపకండి" అని చెప్పారట. విన్నవాళ్లు ఇద్దరు. ఒకరు మా పేరూరిలంక ఆసుపత్రి డాక్టరమ్మ షమీమ్ గారు. రెండోవాడు మైకు మనిషి.

వినకుండా వెళ్లినవాళ్లలో పెద్దవారు డాక్టర్ ఆకెళ్ల పురుషోత్తం గారు. ఉపసంచాలకులు. ఆయన స్టెతస్కోపు వదిలి పద్దెనిమిదేళ్లయింది గానీ, కింది ఉద్యోగి ఏ కుర్చీలో ఏ వేళకి కునుకు తీస్తాడో గోడ ఇవతలి నుంచి చెప్పగలరు. నిద్రపోతున్న సిబ్బంది అనే మాట వినగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఈ జబ్బు ఇన్నాళ్లూ వైద్యుల చేతుల్లో పడి పాడైందనీ, ఇది పరిపాలనకి సంబంధించిన వ్యవహారమనీ ఆయనకి తోచింది.

నేను పేరూరిలంక ఆసుపత్రిలో జూనియర్ అసిస్టెంటుని. పైనుంచి వచ్చే కాగితాలూ, ఇక్కణ్ణించి వెళ్లే కాగితాలూ నా చేతిమీదుగానే నడుస్తాయి. సోమవారానికల్లా సర్క్యులరు వచ్చింది.

"దీర్ఘకాలముగా విధులకు విముఖుడైన ఉద్యోగి స్థానమున వేరొకరిచే పని జరిపించుచున్నంత కాలము సదరు ఉద్యోగి విధులలో చేరడన్నది పరిపాలనానుభవము. హెపటైటిస్ బి రోగులకు ఇచ్చుచున్న మాత్రలు, రోగనిరోధక వ్యవస్థ చేయవలసిన పనిని తామే చేయుచు, సదరు వ్యవస్థను సోమరిని చేయుచున్నవి. కావున మాత్రల పంపిణీ తక్షణము నిలిపివేసి, నిల్వను బీరువాలో భద్రపరచి తాళము వేయవలెను. ఇకపై రోగనిరోధక వ్యవస్థలను ఉత్తేజపరచు కార్యక్రమములు చేపట్టవలెను. బయట మాత్రలు కొనుగోలు చేయు రోగుల పేర్లు రిజిస్టరు నుండి తొలగించబడును."

షమీమ్ గారు అది చదివి, కుర్చీలోంచి లేచి నిలబడే పురుషోత్తం గారికి ఫోను చేశారు. స్పీకరు పెట్టారు కనక నేనూ విన్నాను.

"సార్, మాత్ర ఆపితే అణిగి ఉన్న వైరస్ ఒక్కసారి లేస్తుంది. కాలేయం దెబ్బతింటుంది. ప్రాణం మీదికి రావచ్చు సార్."

"డాక్టర్ షమీమ్, మీ సర్వీసెంత?"

"రెండేళ్లు సార్."

"నాది ముప్ఫయ్యొకటి. కిందివాడు పని ఎందుకు చెయ్యడో తెలుసునా? చెయ్యకపోయినా జరిగిపోతుంది కనక. జరగకుండా చూడండి, వాడే చేస్తాడు. దయచేసి పరిపాలనలోకి వైద్యాన్ని తీసుకురాకండి."

ఫోను పెట్టేశారు.

మా రిజిస్టరులో ఈ జబ్బువాళ్లు నలభై ఒక్కమంది. వాళ్లలో మొదట వచ్చింది దొమ్మేటి ఆదెమ్మ. కొబ్బరి పీచు ఫ్యాక్టరీలో తాళ్లు పేనుతుంది. యాభై రెండేళ్లుంటాయి. నాలుగేళ్ల కిందట కూతురి కాన్పుకి రక్తం ఇవ్వబోతే ఈ జబ్బు బయటపడింది. అప్పటినుంచీ రోజుకో మాత్ర. నాకు వరసకి అత్త.

"మాత్తర్లు ఇచ్చెయ్యి అల్లుడూ. ఫ్యాట్రీలో గంట కొట్టేత్తారు."

"ఇవ్వడం ఆపేశారత్తా."

"అయిపోయాయా?"

"లేదు, ఉన్నాయి. బీరువాలో ఉన్నాయి."

"ఉంటే ఇవ్వడానికేటి? తాళం సెవి పారేసుకున్నావా?"

తాళంచెవి నా జేబులోనే ఉంది. సంగతి చెప్పాను. ఆమె ఒంట్లో రక్షక కణాలు నిద్రపోతున్నాయనీ, మాత్రలిస్తే లేవవనీ, అందుకని ఆపారనీ.

"ఓసోస్! నిద్దరోతే పోనీ. మాత్తర పని సేత్తంది కదా? ఇంటాయన మంచమెక్కాడని అన్నం పెట్టే పాలేర్ని తరిమేత్తారేటి ఎక్కడన్నా?"

"తరిమేస్తే ఇంటాయన లేస్తాడని పైవాళ్ల నమ్మకం."

"మా ఇంటాయన్ని సూసుండరు ఆళ్లు."

అప్పటిదాకా నవ్వుతూనే ఉంది. షమీమ్ గారు బయటికొచ్చి, బల్ల మీద కూర్చోబెట్టి, ఏయే గుర్తులు కనబడితే పరుగెత్తుకు రావాలో చెబుతుంటే మాత్రం నవ్వు ఆగిపోయింది. నీరసం, అన్నం సయించకపోవడం, మూత్రం పచ్చగా రావడం, కళ్లు పచ్చబడటం.

"నాకు తెలుసమ్మా ఆ వరస" అంది ఆదెమ్మ. "మా అయ్య అట్టాగే పోయాడు. ఆఖర్న పొట్ట కుండలాగా అయిపోయింది. అప్పుడు మాత్తర లేదన్నారు. ఇప్పుడుండి ఇవ్వనంటన్నారు. ఏది మేలంటారు డాట్రమ్మగోరూ?"

డాక్టరమ్మ నా జేబు వైపు చూశారు. నా దగ్గర తాళంచెవి ఉంది గానీ, దాని మీద పైవారి సీలు వేసిన చీటీ కట్టి ఉంది. నెలకోసారి జిల్లా నుంచి మనిషొచ్చి మాత్రలు లెక్కపెట్టి వెళ్తాడు. తగ్గితే నేనూ డాక్టరమ్మా ఇద్దరం ఇంటికే.

ఆ పైవారమే ఉత్తేజ సభ జరిగింది. హైస్కూలు హాల్లో నలభై ఒక్కమందినీ బెంచీల మీద కూర్చోబెట్టారు. గోడకి పెద్ద బ్యానరు. 'మేలుకో రక్షక కణమా!' ఉత్తేజపరచడానికి రణధీరరావు గారని ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారిని నియమించారు. మనిషి సన్నం, గొంతు లావు. ప్రతి రోగి దగ్గరికీ వెళ్లి, మైకుని పక్కటెముకల దగ్గర పెట్టి, రోగితో కాకుండా లోపలివాళ్లతో మాట్లాడటం ఆయన పద్ధతి.

"కణాల్లారా! సావధాన్! ఇరవై ఏళ్లుగా శత్రువు మీ గుమ్మంలో కాపురముంటున్నాడు! సిగ్గు లేదా? లేవండి! ఎడమ, కుడి! ఎడమ, కుడి!"

ఆదెమ్మ దగ్గరికొచ్చి అలాగే అరిచారు. ఆమె చేతులు కట్టుకుని అంతా విని, "మాట్టారుగోరూ, తవరు ఎడమేపు అరుత్తున్నారండి. కాలేయం కుడేపు కదండీ" అంది.

హాలంతా నవ్వారు. రణధీరరావు గారు తడుముకోలేదు. "అటువైపు వాళ్లకీ వినపడాలనే అరుస్తున్నాను" అన్నారు.

"అయితే కొంచెం కిందికి వంగి అరవండి బాబూ. మోకాళ్లు కూడా నిద్దరోతన్నాయి, నెప్పులు."

ఆ సభ మీద నివేదిక నేనే టైపు చేశాను. 'నలభై ఒక్క వ్యవస్థలు సభకు హాజరైనవి. అన్నియు శ్రద్ధగా విన్నవి.' వినలేదని చెప్పడానికి ఆధారం లేదు కదా.

ఏడో వారం వచ్చేసరికి ఆదెమ్మ ఫ్యాక్టరీ మానేసింది. తాడు పేనుతుంటే చేతులు వణుకుతున్నాయంది. కంటి తెల్లగుడ్డు పసుపు నీళ్లలో ముంచి తీసినట్టుంది. షమీమ్ గారు రక్తం తీయించి, కాలేయం దెబ్బ చెప్పే ఎస్‌జీపీటీ అంకె కింద ఎర్ర సిరాతో గీత గీసి, అత్యవసరమని రాసి పైకి పంపారు. పంపిన మర్నాడే పురుషోత్తం గారు స్వయంగా జీపులో దిగారు. ఆయన వస్తారని మేమెవరం అనుకోలేదు. ఎర్ర గీత చూసి భయపడి వచ్చారేమోనని డాక్టరమ్మకి ఆశ కలిగింది.

"ఎస్‌జీపీటీ ముప్ఫై రెండు ఉండేది సార్. ఇప్పుడు నాలుగొందల ఎనభై. కాలేయం వాచిపోతోంది."

"శెభాష్!" అన్నారు పురుషోత్తం గారు.

డాక్టరమ్మ కాగితాన్ని ఆయన ముందుకి జరిపారు.

"అంటే లోపల కదలిక వచ్చిందన్నమాట. ఏమ్మా, చురుగ్గా ఉందా?"

"ఒళ్లంతా చురుకులే బాబూ" అంది ఆదెమ్మ బెంచీకి జారగిలబడి.

"చూశారా? మరి వైరస్ లెక్క?"

"లెక్కకి అందడం లేదు సార్. మాత్ర వేసుకున్నన్నాళ్లూ కనపడనంత తక్కువుండేది. ఇప్పుడు కోట్లలో ఉంది."

పురుషోత్తం గారి ముఖం మారింది. కాగితం తీసుకుని రెండుసార్లు చదివారు. చదివి, కళ్లజోడు తీసి, ఎంతో బాధగా అన్నారు. "అంటే ఇన్నేళ్లు పడుకుని, లేచి, దొంగని పట్టుకోకుండా ఇల్లు పగలగొట్టారన్నమాట. దీన్ని మా భాషలో దుష్ప్రవర్తన అంటారు. ఇక ఉపేక్షించడానికి వీల్లేదు."

"అవును సార్, ఉపేక్షించకూడదు. మాత్రలు..."

"మెమో ఇవ్వాలి" అన్నారు.

మూడోరోజున వచ్చింది. రిజిస్టర్డ్ పోస్టులో. చిరునామా ఇలా ఉంది. 'రోగనిరోధక వ్యవస్థ, కేరాఫ్ దొమ్మేటి ఆదెమ్మ, పీచు ఫ్యాక్టరీ వీధి, పేరూరిలంక.' పోస్ట్‌మాన్ ఆమెని చూసి, "మీ ఇంట్లో ఈ పేరుగలాయన ఉన్నాడా?" అని అడిగాడట. "ఉన్నాడు, పడుకున్నాడు" అని చెప్పి తీసుకుందట.

చదివి పెట్టమని నా దగ్గరికి తెచ్చింది. ఆరోపణలు రెండు. ఒకటి, 'అనధికార సూక్ష్మజీవి కాలేయమందు దీర్ఘకాలము నివాసముండుటను ఉపేక్షించుట.' రెండు, 'మేల్కొనిన పిదప సదరు సూక్ష్మజీవిని పట్టుకొనక, తమ కాపలాలో ఉన్న కాలేయమునకే నష్టము కలిగించుట.' మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలెను. ఇవ్వనిచో చెప్పుకొనుటకు ఏమియు లేదని భావించబడును.

"నే సెప్తాను, రాయి అల్లుడూ."

"నువ్వు కాదత్తా, అది చెప్పాలి."

"అది నా ఒంట్లోదేగా. దాని తరపున నేను సెప్తాను. రాయి. అయ్యా, యాభై రెండేళ్లుగా ఈ ఆదెమ్మ కాడ పని సేత్తన్నాం. జొరాలు సూశాం, సలిజొరాలు సూశాం, పీచు దుమ్ము రోజూ సూత్తానే ఉన్నాం. ఒక్కనాడు సెలవెట్టలేదు. ఈ పురుగు ఆదెమ్మ నడక నేరవనప్పుడే ఇంట్లో దూరింది. అప్పటికి మేమూ పసోళ్లమే. ఇంట్లో మనిషేననుకున్నాం. ఇంత కాలానికి ఎవరో సెవులో అరిస్తే లేచి, గాబరాపడి ఎటు పడితే అటు కొట్టాం. తప్పే. మాకు తోడుగా ఒక మాత్తర ఉండేది. దాన్ని తిరిగి మా కాడికి పంపండి, మా తిప్పలు మేం పడతాం. ఇట్లు, తవరి దయ ఉంటే ఉంటాం, లేపోతే పోతాం."

చివరి ముక్క రాసేటప్పుడు నా చెయ్యి ఆగింది. "అదుండనియ్యి" అంది.

జవాబు వెళ్లింది. 'సమాధానము సంతృప్తికరముగా లేదు. స్వయముగా హాజరై వాదన వినిపించుకొనవలెను' అని తిరుగు టపాలో వచ్చింది.

ఈ లోపల మా రిజిస్టరులో ఒక పేరు తగ్గింది. సైకిలు మీద గాజుగ్లాసులు అమ్ముకునే వీర్రాఘవులు. కళ్లు పచ్చబడితే పసరు వైద్యానికి వెళ్లాడు, అక్కణ్ణించి పెద్దాసుపత్రికి వెళ్లాడు, అక్కణ్ణించి రాలేదు. రిజిస్టరులో కారణం అనే గడి ఒకటుంది. 'అధిక ఉత్తేజము' అని రాయమని పైనుంచి ఫోను వచ్చింది. షమీమ్ గారు 'మాత్ర ఆపడం' అని రాసి సంతకం పెట్టారు. ఆ సంతకానికి ఆమెకీ ఒక మెమో వచ్చింది. ఆమె దాన్ని విప్పకుండా సొరుగులో పడేశారు.

విచారణ రోజున ఆదెమ్మని ఆసుపత్రి జీపులో తీసుకెళ్లాం. ఒక పక్క డాక్టరమ్మ, ఒక పక్క నేను పట్టుకుని మేడ మెట్లు ఎక్కించాం. పురుషోత్తం గారి గదిలో రెండు కుర్చీలు వేశారు. ఒక కుర్చీలో ఆదెమ్మ కూర్చుంది. రెండో కుర్చీ మీద 'ఆరోపిత వ్యవస్థ' అని చీటీ అంటించి ఉంది. దాన్ని ఖాళీగా వదిలారు.

పురుషోత్తం గారు ఫైలు విప్పి ముక్కు మీదికి కళ్లజోడు దించారు.

"ఆరోపణలు తీవ్రమైనవి. నష్టం రుజువైంది. విచారణ పూర్తయ్యేలోగా సదరు వ్యవస్థ సాక్ష్యాలు తారుమారు చేసే అవకాశం ఉంది. కాబట్టి తక్షణమే సస్పెండ్ చేస్తున్నాను."

షమీమ్ గారు ఏడేళ్లు వైద్యం చదివినావిడ. అందులో ఈ పాఠం లేదు.

"సస్పెండంటే ఏటి బాబూ?" అంది ఆదెమ్మ నీరసంగా.

"విధుల్లోంచి తప్పించడం. ఈ క్షణం నుంచి అది ఏ పనీ చెయ్యకూడదు."

"ఆయ్, బాగుందండి." ఊపిరి తీసుకుంది. "మరి దాని పనెవరు సేత్తారండి?"

"అంటే?"

"మా ఫ్యాట్రీలో మిషను కాడ మడిసిని పంపేత్తే, ఆడు గేటు దాటకముందే ఇంకోణ్ణి నిలబెడతారండి. లేపోతే తాడు తెగిపోద్ది. తవరి ఆపీసులో నిలబెట్టరా? కుర్చీ ఒట్టినే ఉంచేత్తారా?"

పురుషోత్తం గారి చూపు మెల్లగా చీటీ అంటించిన ఖాళీ కుర్చీ మీదికి పోయింది. ఆయన ముప్ఫయ్యొక్క ఏళ్ల సర్వీసులో చావు గురించి ఫోన్లొచ్చినా చలించని మనిషి. కానీ ఖాళీ కుర్చీ అనేసరికి నుదుట చెమట పట్టింది.

"బాధ్యతలు అప్పగించకుండా సస్పెండ్ చేస్తే..." అన్నారు నా వైపు తిరిగి.

నాకు తెలిసిన నిబంధన అదొక్కటే, నేర్పిందీ ఆయనే. "చెల్లదు సార్. అదే రోజు, అదే పూట ఇన్‌చార్జిని వెయ్యాలి. వెయ్యకపోతే ఆ ఖాళీకి సస్పెండ్ చేసిన అధికారే బాధ్యుడు."

"ఇన్‌చార్జి! ఎవరున్నారు? ఆ పని తెలిసినవాళ్లు వెంటనే ఎక్కడ దొరుకుతారు?"

అప్పుడు షమీమ్ గారు బల్ల దగ్గరికి జరిగి, పిన్నీసు పెట్టినట్టు ఒక్కో మాటా అన్నారు.

"ఒకరున్నారు సార్. ఇదే పని మీద నాలుగేళ్ల అనుభవం. ఒక్కరోజు సెలవు పెట్టలేదు, ఒక్క ఫిర్యాదు లేదు. ప్రస్తుతం పోస్టింగ్ లేకుండా మా బీరువాలో ఉన్నారు."

పురుషోత్తం గారు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. "ముందే చెప్పొద్దూ! టైపు చెయ్యవయ్యా."

అక్కడే టైపు మిషను ముందు కూర్చుని టైపు చేశాను. నా ఉద్యోగంలో ఇంత వేగంగా ఎప్పుడూ చెయ్యలేదు. 'దొమ్మేటి ఆదెమ్మ శరీరమందలి రోగనిరోధక వ్యవస్థను విచారణ ముగియువరకు సస్పెండ్ చేయడమైనది. సదరు వ్యవస్థ అనుమతి లేనిదే ప్రధాన కేంద్రమగు ఆదెమ్మ శరీరమును విడిచి వెళ్లరాదు. విచారణ ముగియువరకు దాని విధులను, దినమునకు ఒకటి చొప్పున, మాత్ర పూర్తి అదనపు బాధ్యతలతో నిర్వహించవలెను.' మిగిలిన ముప్ఫై తొమ్మిది వ్యవస్థలకి కూడా అవే ఆరోపణలున్నాయి కనక, అందరికీ వర్తిస్తుందని కింద ఒక లైను చేర్చాను. ఆయన చదవకుండా సంతకం పెట్టారు. టీ వేళయింది.

ఆసుపత్రికొచ్చి తాళం తీశాను. షమీమ్ గారు మాత్రని ఆదెమ్మ అరచేతిలో పెట్టారు. ఆమె దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, వెలుగులో పెట్టి చూసి, "దయచెయ్యండి ఇన్‌చార్జిగోరూ" అని నోట్లో వేసుకుంది. డాక్టరమ్మ గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు.

అయితే మాత్ర వేసుకోగానే అంతా సర్దుకోలేదు. ఆదెమ్మ పెద్దాసుపత్రిలో మూడు వారాలుంది. కళ్లలో పచ్చదనం పోవడానికి రెండు నెలలు పట్టింది. ఎస్‌జీపీటీ దిగుతూ దిగుతూ యాభై దగ్గర ఆగింది. ఆ అంకె చూసి పురుషోత్తం గారు, సస్పెన్షన్ వల్ల వ్యవస్థల్లో క్రమశిక్షణ పెరిగిందని రాష్ట్రానికి నివేదిక పంపారు. ప్రశంసాపత్రం వచ్చింది. పక్క జిల్లావాళ్లు నమూనా ఉత్తర్వు అడిగి పట్టుకెళ్లారు.

ఇప్పుడు ఆదెమ్మ మళ్లీ తాళ్లు పేనుతోంది. ప్రతి నెలా మొదటి మంగళవారం వస్తుంది. మాత్రల డబ్బా తీసుకుని, కొంగున కట్టుకుని, గుమ్మం దాకా వెళ్లి ఆగి, వెనక్కి తిరిగి అడుగుతుంది.

"ఎంకోరీ ఎందాకా వచ్చింది అల్లుడూ?"

"విచారణాధికారిని వెయ్యాలత్తా. ఆ ఫైలు ఇంకా కదల్లేదు."

"మీ ఆపీసు కుర్చీలు పోయినాయన్న ఎంకోరీ ఒకటుందన్నావు. అది తేలిందా?"

"పదిహేడో ఏడు నడుస్తోంది."

ఆదెమ్మ కొంగు ముడి ఇంకోసారి బిగించుకుంది.

"ఆళ్లని తొందరపెట్టకు అల్లుడూ. సిన్నగా కానియ్యి. నాకింకో ముప్ఫై ఏళ్లు బతకాలనుంది."